గైడు మాట, మిత్రుని ప్రశ్న: అరకు దారిలో ఒక్కరోజు



సెలవుల్లో ఒక మిత్రునితో కలిసి, గైడు వెంట ఉండి చూపిస్తుండగా, టూరిస్టు బస్సులో పొద్దున్నే బయలుదేరి రాత్రికి తిరిగివచ్చే ఒక్కరోజు విహారయాత్ర ఈనాటి ప్రసంగానికి విషయం. ఇటువంటి యాత్రల్లో తెలుగువారికి బాగా పరిచయమైనది విశాఖపట్నం నుంచి అరకులోయకు సాగే బస్సు యాత్ర కనుక, చెప్పవలసిన సంగతులను ఆ దారి వెంటే చెప్పుకుంటూ పోవడం సముచితంగా ఉంటుంది.

ప్రయాణం, భోజనం, చూసేచోట్ల ప్రవేశ రుసుము, గైడు సేవ వంటివన్నీ ఒకే టికెట్టులో చేర్చి, ఎక్కడ ఆగాలో, ఆగినచోట ఎంతసేపు ఉండాలో నిర్వాహకులే ముందుగా నిర్ణయించే ఏర్పాటును ప్యాకేజీ టూరు అంటారు. ఇంగ్లండులో థామస్ కుక్ అనే ఆయన 1841లో లెస్టర్ పట్టణం నుంచి దగ్గరలోని లఫ్‌బరోకు, మద్యపాన వ్యతిరేక సభ కోసం, సుమారు 500 మందిని ప్రత్యేక రైలులో తీసుకువెళ్లి అదేరోజు వెనక్కి తీసుకువచ్చిన ఘటనను ఈ పద్ధతికి తొలి అడుగుల్లో ఒకటిగా పర్యాటక చరిత్రకారులు చెబుతారు. తరువాతి కాలంలో రైలుతోపాటు బస్సు కూడా వచ్చి చేరింది గాని, ఏర్పాటు స్వరూపం మాత్రం పెద్దగా మారలేదు.

ఈ పద్ధతి మీద ఒక ఆక్షేపణ ఉన్నది. గంటకొక చోట దింపి, అరగంటలో మళ్లీ ఎక్కించి, అన్నీ చూపించామనిపించే ఈ యాత్రలో నిజంగా చూసేది ఏముంటుందని పలువురు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే కాలం తక్కువైనంత మాత్రాన చూపు తక్కువ కావలసిన పని లేదు. గైడు తనకు తెలిసినదానిని చెబుతారు. పక్క సీటులో కూర్చున్న మిత్రుడు ఆ మాటను అక్కడితో పోనివ్వకుండా, అది ఎందుకు, ఎలా అని అడుగుతాడు. గైడు చెప్పడం, మిత్రుడు అడగడం, ఈ రెండూ కలిసినప్పుడు ఒక్కరోజు యాత్రలో కూడా లోతైన పరిచయం సాధ్యమవుతుంది. ఈ ప్రసంగంలో ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

బస్సు నగరం దాటి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట చేరేదాకా దారి మైదానంలోనే సాగుతుంది. ఆ తరువాత ఘాట్ రోడ్డు, అంటే కొండను చుట్టుకుంటూ మలుపుల మీద పైకి పోయే దారి, మొదలవుతుంది. మొదటి నాలుగైదు మలుపుల్లోనే కొందరికి కడుపులో తిప్పడం మొదలవడానికి ఒక శాస్త్రీయమైన కారణం ఉన్నది. మనిషి లోపలి చెవిలో శరీరపు కదలికను, వంపును గుర్తించే అమరిక ఒకటి ఉంటుంది. చూపు చేతిలోని ఫోను మీదే నిలిచినప్పుడు కళ్లు శరీరం కదలడం లేదని చెబుతుండగా, లోపలి చెవి మాత్రం ప్రతి మలుపునూ నమోదు చేస్తూ ఉండటం వల్ల, ఆ రెండు సమాచారాలకూ పొంతన కుదరక వికారం పుడుతుంది. అందుచేత ఘాట్ రోడ్డు మీద ఫోను పక్కన పెట్టి దూరంగా కనిపించే కొండ మీద చూపు నిలపడం, వీలైతే బస్సు ముందు భాగంలో కూర్చోవడం మేలు. ఫోను పక్కన పెట్టినందువల్ల ఇద్దరు మిత్రుల మధ్య మాట కూడా సాగుతుంది.

కొండ ఎక్కుతున్నకొద్దీ గాలి మారుతుంది. సముద్రమట్టం నుంచి వెయ్యి మీటర్లు పైకి పోతే ఉష్ణోగ్రత సగటున ఆరు డిగ్రీల దాకా తగ్గుతుంది కాబట్టి, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో విశాఖ తీరం కంటే చల్లగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. పొద్దున్న విశాఖలో ఉక్కపోస్తున్నదని స్వెట్టరు ఇంట్లో వదిలి వచ్చినవారు, శీతకాలమైతే, సాయంత్రానికి ఆ సంగతి గుర్తు చేసుకుంటారు.

ఈ దారిలో బస్సు గైడు చేసే పని ఎంత కష్టమైనదో ప్రయాణికులు సాధారణంగా గమనించరు. దసరా సెలవుల్లో బెంగాల్ నుంచి వచ్చే యాత్రికులు విశాఖలోను, అరకులోను ఎక్కువగా కనిపిస్తారు. ఒకే బస్సులో తెలుగు కుటుంబాలు, హిందీ మాట్లాడేవారు, బెంగాలీలు కలిసి ఉన్నప్పుడు గైడు ఒకే సంగతిని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, అవసరమైతే ఇంగ్లీషులో మరొకసారి, బస్సు ఆ చోటు దాటిపోకముందే చెప్పి ముగించవలసి వస్తుంది. మూడు భాషల్లో చెప్పవలసిన మాట సహజంగానే కుదించుకుపోయి చివరికి పేరు, ఎత్తు, దూరం మాత్రమే మిగులుతాయి. ఇది గైడు లోపం కాదు, ఏర్పాటులోని పరిమితి. ఆ పరిమితిని దాటించగలిగినది ప్రయాణికుని ప్రశ్న ఒక్కటే. మైకు ఆపిన తరువాత, పక్కకు వచ్చి అడిగినవారికి గైడులు చెప్పే సంగతులు మైకులో చెప్పినవాటి కంటే చాలాసార్లు విలువైనవిగా ఉంటాయి.

శ్రోతలారా, ఇప్పుడు ఈ దారిలోనే ఉన్న బొర్రా గుహల దగ్గర కొంతసేపు ఆగుదాం. ఒక్కరోజు యాత్రలో గైడు మాటకు, మిత్రుని ప్రశ్నకు ఉన్న సంబంధం అన్నిటికంటే స్పష్టంగా తెలిసేది ఇక్కడే.

గుహ ముఖద్వారం దగ్గర కోతులు ఎక్కువ కాబట్టి చేతిలోని తినుబండారాలను సంచిలో దాచుకొని మెట్లు దిగాలి. లోపల ఎక్కడికక్కడ దీపాలు అమర్చి ఉంటాయి. స్థానిక గిరిజన యువకులు ఇక్కడ గైడులుగా పనిచేస్తుంటారు. గైడు టార్చిలైటు వెలుగును గోడ మీద నిలిపి, ఇక్కడ శివపార్వతులు, అక్కడ తల్లీబిడ్డ అని శిలల్లోని ఆకారాలను ఒక్కొక్కటే చూపిస్తారు. చూపించిన ఆకారం వెంటనే కంటికి కనిపిస్తుంది. చూపించకపోతే ఎప్పటికీ కనిపించేది కాదు. కొండ మీద మేస్తున్న ఆవు పైకప్పులోని రంధ్రంలోంచి లోపలికి పడిపోయిందని, దానిని వెతుకుతూ వచ్చిన పశువుల కాపరికి లోపల శివలింగం కనిపించిందని, ఆ శివుడే ఆవును కాపాడాడని స్థానికులు నమ్మే కథను కూడా గైడు అక్కడే చెబుతారు. గుహలోపలి లింగానికి ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లవారు తరలివస్తారు.

మిత్రుడు అడగవలసిన ప్రశ్న ఇక్కడే ఉన్నది. ఈ ఆకారాలను ఎవరు చెక్కారు? చెక్కినది నీరు. వాన నీరు నేలలోంచి దిగేటప్పుడు, మట్టిలోని వేర్లు, సూక్ష్మజీవులు విడిచే బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్ల గుణం పొందుతుంది. అటువంటి నీరు సున్నపురాతిని కొంచెం కొంచెంగా కరిగించి, పగుళ్లను వెడల్పు చేస్తూ, లక్షల సంవత్సరాల కాలంలో కొండ కడుపులో పెద్ద ఖాళీని ఏర్పరుస్తుంది. అదే నీరు గుహ పైకప్పుకు చేరి బొట్టుగా వేలాడినప్పుడు, దానిలోని వాయువు గాలిలోకి పోవడం వల్ల, కరిగిన సున్నం మళ్లీ గట్టిపడి సన్నని పొరగా అక్కడే అతుక్కుంటుంది. ఆ బొట్టు కిందపడినచోట కూడా మరొక పొర ఏర్పడుతుంది. పైనుంచి కిందికి వేలాడే రాతిని స్టాలక్టైట్ అని, నేల మీదనుంచి పైకి పెరిగే రాతిని స్టాలగ్మైట్ అని భూగర్భశాస్త్రం పేర్కొంటుంది. రెండూ పెరిగి పెరిగి కలిసినచోట స్తంభం ఏర్పడుతుంది.

మరొక్కసారి చెప్పుకుందాం. నీరే కరిగిస్తుంది, నీరే కడుతుంది. కరిగించడానికైనా, కట్టడానికైనా పట్టే కాలం మనిషి ఊహకు అందనంత దీర్ఘమైనది. వేలాడే రాయి సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే పెరుగుతుంది.

ఈ సంగతి తెలిసిన తరువాత గుహలో ఒకచోట నిలబడి తలపైకెత్తి చూసినవారికి, రాతి కొసన వేలాడుతున్న ఒక్క నీటిబొట్టు కనిపిస్తుంది. దీపపు వెలుగు పడినప్పుడు అది మెరుస్తుంది. కొసన నిండుగా ఉబ్బి, కొంతసేపు అలాగే నిలిచి, తరువాత రాలుతుంది. రాలిన తరువాత కొసన తడి మాత్రమే మిగిలి, మరొక బొట్టు చేరడం మొదలవుతుంది. ఆ కొసను చేత్తో తాకాలని చాలామందికి అనిపిస్తుంది. తాకకూడదు. మనిషి చర్మం మీద ఉండే జిడ్డు ఆ రాతికి అంటుకుంటే, నీటిలోని సున్నం అక్కడ సరిగా అతుక్కోక పెరుగుదల దెబ్బతింటుంది. చేతికి అందే ఎత్తున ఉన్న రాళ్లు నల్లబడి, నునుపెక్కి ఉండటం గమనిస్తే ఇంతకుముందు ఎన్ని చేతులు తాకాయో తెలుస్తుంది. మిత్రుడు చేయి చాపినప్పుడు వెనక్కి లాగగలిగినవాడు మిత్రుడే కదా.

గుహలోంచి వెలువడే నీరు గోస్తని నదిలో కలుస్తుంది. ఈ నది కొండలు దిగి, తాటిపూడి దగ్గర జలాశయంలో నిలిచి, చివరకు భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ నగరానికి తాగునీటిని అందించే జలాశయాల్లో తాటిపూడి ఒకటి. అందువల్ల పొద్దున్న నగరంలో బస్సెక్కిన యాత్రికుడు మధ్యాహ్నం చూస్తున్నది తనకు సంబంధం లేని వింత కాదు, తన ఊరి నీటి వ్యవస్థలోనే ఒక భాగం.

బొర్రా గురించి బస్సులో సాధారణంగా వినిపించని చరిత్ర మరొకటి ఉన్నది. గుహలను కట్టిన సున్నపు ఖనిజం, అంటే కాల్సైటు, చుట్టుపక్కల కొండల్లో కూడా ఉండటం వల్ల, అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాల్లో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇవ్వడం మీద వివాదం చెలరేగింది. ఈ ప్రాంతం రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కిందికి వస్తుంది; అంటే గిరిజనుల భూమికి ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు గనుల కోసం లీజుకు ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. దేశంలోని గిరిజన భూహక్కుల చరిత్రలో సమత తీర్పు అనే పేరుతో అది స్థిరపడింది. టార్చిలైటు వెలుగులో శివపార్వతులను చూపించినంత శ్రద్ధతో ఈ సంగతిని కూడా యాత్రికులకు చెప్పవలసిన అవసరం ఉన్నది. ఎందుకంటే ఈ కొండలు చూడటానికి మాత్రమే ఉన్నవి కావు. ఇక్కడ మనుషులు బతుకుతున్నారు, ఈ నేల కోసం పోరాడారు.

గుహల తరువాత కాఫీ తోటలు. అనంతగిరి, అరకు కొండల్లో అరబికా రకం కాఫీని సిల్వర్ ఓక్ వంటి ఎత్తైన చెట్ల నీడలో పెంచుతారు. ఆ చెట్ల మానుకు మిరియాల తీగను పాకించడం వల్ల ఒకే నేల మీద రెండు పంటలు చేతికి వస్తాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక ప్రాంతపు నేల, వాతావరణం, అక్కడివారి నైపుణ్యం కలిసి ఒక వస్తువుకు ప్రత్యేకతను ఇచ్చినప్పుడు, ఆ పేరును ఆ ప్రాంతంవారే వాడుకునే హక్కును చట్టం ద్వారా కాపాడటమే భౌగోళిక గుర్తింపు. రోడ్డు పక్క దుకాణంలో కాఫీ పొడి కొనేటప్పుడు, అది నిజంగా ఇక్కడి గిరిజన రైతుల తోటల్లో పండినదేనా అని అడిగి తెలుసుకోవడం మంచిది. గిరిజన సహకార సంస్థ, అంటే గిరిజనుల ఉత్పత్తులను కొని అమ్మే ప్రభుత్వరంగ సంస్థ, నడిపే దుకాణాల్లో కాఫీతోపాటు తేనె, చింతపండు వంటివి కూడా దొరుకుతాయి.

అరకులోని పద్మాపురం ఉద్యానవనం దగ్గర ఎక్కువసేపు నిలవవలసిన పని లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడం కోసం ఏర్పడిన తోట అది అని తెలుసుకొని ముందుకు సాగవచ్చు. గిరిజన మ్యూజియంలో మాత్రం తొందరపడకూడదు. ధాన్యం దంచే పనిముట్లు, వేటకు వాడే విల్లంబులు, నగలు, వంటపాత్రలు అక్కడ ప్రదర్శనలో ఉంటాయి. అద్దాల వెనుక ఉన్నంత మాత్రాన అవన్నీ గతించిన కాలానివని అనుకోకూడదు. వాటిలో కొన్ని ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్లలో రోజువారీ వాడుకలోనే ఉన్నాయి.

భోజన సమయంలో చాలామంది బొంగు చికెన్ అడుగుతారు. కారం, మసాలా పట్టించిన కోడి ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద కాల్చే ఈ వంటకు నూనె అక్కర లేదు. వెదురులోని తడి, మాంసంలోని కొవ్వు కలిసి లోపలి ముక్కలను మగ్గిస్తాయి. బయటి బొంగు నల్లగా మాడినా లోపలిది మాడకపోవడంలోనే ఈ వంటలోని నేర్పు ఉన్నది.

ఆ తరువాత థింసా నృత్యం. స్త్రీలు ఒకరి వీపు వెనుకగా మరొకరు చేతులు పెనవేసుకొని, వరుసగా, వలయంగా, అడుగులో అడుగు కలిపి ఆడుతుంటే పురుషులు డప్పు, తుడుము వంటి వాద్యాలను వాయిస్తారు. ఇది మూలంలో పండుగలకు, పెళ్లిళ్లకు ఊరంతా కలిసి ఆడే నృత్యం. ఆడేవారు, చూసేవారు అనే భేదం అందులో ఉండదు. యాత్రికుల కోసం ఏర్పాటు చేసిన ప్రదర్శనలో ఆ భేదం వచ్చింది. అయినా నర్తకులు చివర్లో యాత్రికులను కూడా వరుసలోకి పిలుస్తారు. పిలిచినప్పుడు ఇద్దరు మిత్రుల్లో ఒకరు వెళ్లి, రెండవవారు ఫొటో తీయడం సాధారణంగా జరుగుతుంది. ఇద్దరూ వెళ్లడం మంచిది. ఆ అడుగు చూసినంత తేలిక కాదని, ముందుకు వంగి లేచే ఆ లయ పొలం పనిలోని లయకు దగ్గరగా ఉన్నదని, కాలు కదిపితే తప్ప తెలియదు.

శీతకాలం మొదట్లో వెళ్లినవారికి దారి పొడవునా పసుపుపచ్చని పూల పొలాలు కనిపిస్తాయి. అవి వలిసె పూలు. వలిసెలు నూనెగింజల పంట. ఆ పూలను చూడగానే బస్సు ఆపమని ప్రయాణికులు అడగడం, దిగి చేను మధ్యకు పోయి ఫొటోలు తీయించుకోవడం పరిపాటి అయింది. తొక్కిన మొక్క మళ్లీ లేవదు. అందుకనే కొందరు రైతులు చేను మధ్య చిన్న దారి వదిలి, ఫొటోకు వచ్చినవారి నుంచి కొద్ది రుసుము తీసుకుంటున్నారు. ఆ రుసుము దగ్గర బేరమాడటం తగదు. ఆ చేను ఒక కుటుంబపు ఏడాది పంట.

ఇక మిత్రుని గురించి. తెలుగులో యాత్రా సాహిత్యానికి ఆద్యగ్రంథంగా చెప్పుకునే కాశీయాత్ర చరిత్ర ఈ విషయంలో మంచి ఉదాహరణ. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరి, కాశీ దాకా వెళ్లి 1831లో తిరిగివచ్చారు. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణపు విశేషాలను ఆయన తన మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్య మరణానంతరం 1838లో ఆ గ్రంథాన్ని అచ్చువేయించినది కూడా ఆ మిత్రుడే. పల్లకిలో సాగిన ఆ యాత్రకు, ఏసీ బస్సులో సాగే ఈ యాత్రకు పోలిక లేదు. అయినా ఒక సంగతి ఉమ్మడిగా ఉన్నది. మిత్రునికి చెప్పాలి అనే ఉద్దేశం ఉన్నప్పుడు కన్ను మరింత శ్రద్ధగా చూస్తుంది. ఊరి పేరు, నీటి వసతి, దారి పక్క దుకాణంలో దొరికే వస్తువులు వంటి చిన్న సంగతులు ఆ గ్రంథంలో అంతగా చేరడానికి, ఎదురుచూసే మిత్రుడు ఒకరు ఉండటం కూడా ఒక కారణం కావచ్చు.

బస్సులో మిత్రుడు పక్కనే ఉంటాడు కాబట్టి రాయవలసిన పని లేదు, మాట్లాడుకుంటే చాలు. ఇద్దరూ ఒకే కిటికీలోంచి చూసినా ఇద్దరికీ ఒకే సంగతి కనిపించదు. ఒకరు లోయను చూస్తుండగా, రెండవవారు కొండవాలు మీదుగా సాగే రైలుపట్టాలను గమనిస్తారు. అది కొత్తవలస, కిరండూల్ రైలుమార్గం. బైలాదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960లలో, ఆ దేశపు సహకారంతో, ఈ కొండలను తొలిచి వేసిన మార్గం. సొరంగాల మీద సొరంగాలు దాటి సాగే ఆ గూడ్సుబండ్లను చూపించి మిత్రుడు ప్రశ్న వేస్తే గైడు ఆ చరిత్ర చెబుతారు. ప్రశ్న వేయకపోతే ఆ రైలు కూడా అందమైన దృశ్యంగానే వెనక్కి వెళ్లిపోతుంది. ఇందాక చెప్పిన మాటే ఇది. గైడు చెబుతారు, మిత్రుడు అడుగుతాడు, రెండూ ఉండాలి.

తిరుగు ప్రయాణంలో చీకటి పడిన తరువాత కిటికీలోంచి కనిపించేది తక్కువ. చాలామంది నిద్రపోతారు. గైడు కూడా ఒక సీటులో కూర్చొని కాసేపు విశ్రమిస్తారు. బస్సు మైదానంలోకి దిగి దీపాలు వేసిన తరువాత, పగలు అడగలేకపోయిన ప్రశ్న ఏదైనా మిగిలి ఉంటే అడగడానికి అది మంచి సమయం. కాఫీ చెట్లు పూసేది ఎప్పుడు, వానాకాలంలో గుహలో నీటిబొట్లు ఎంత జోరుగా రాలుతాయి, వారపు సంత ఏ రోజున జరుగుతుంది, ఆ రోజుకు వచ్చేలా టికెట్టు తీసుకోవడం వీలవుతుందా వంటి సంగతులు ఈ దారిలో ఏడాది పొడవునా తిరిగేవారికి తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ దొరకవు. ఆ జవాబులను మిత్రులిద్దరిలో ఒకరు కాగితం మీద రాసిపెట్టుకుంటే, మరుసటి సెలవులకు ఏ నెలలో, ఏ రోజున బయలుదేరాలో బస్సు దిగకముందే నిర్ణయించుకోవచ్చు.